చుక్కి చేపింది

పోయిన వారం మిమ్మల్ని మా గల్లీ మొగదల నిలబెట్టి పోయిన. సైరన్ మోగుకుంట వచ్చి బందయింది, గంతవరకే చెప్పిన. ఆ ఎండాకాలం లాల్‌దర్వాజల సైరన్ వింతేం కాదు. వినపడంగనే తలుపు సందుల నుంచి చూసి, మనింటికి కాదులే అనుకోని మళ్ళ పనిల పడుడే. ఆ దినం మాత్రం అది మా అరుగు ముందలనే ఆగింది.

నడిమిట్ల వచ్చి చదివేటోళ్ళకు జెర చెప్త. మా మామ మొగులయ్య పాడి మనిషి. ఇంటెనక కొట్టంల ఇప్పటికీ మూడు బర్రెలున్నయి. క్యాన్సర్ ఎముకలకు పాకింది, ఇగ దవఖానల చేసేదేం లేదు, ఇంటికాడనే నొప్పి తెల్వకుండ చూసుకోండ్రి అని పెద్ద డాక్టరే చెప్పి పంపిండు. అట్ల ఇంటికొచ్చి చూసే సిస్టర్ కీర్తిప్రియ. వాళ్ళ టీంల సగం మందికి కరోనా తగిలినంక ఆమె రాకడ బందయింది. ఫోన్ల చూసుడు, ఫోన్ల చెప్పుడు. చేసుడు మాత్రం మా మీద పడ్డది. మా మీద అంటే అత్త రుక్మాబాయి మీద, నా మీద, డిగ్రీ చదివే నా బిడ్డ స్రవ్య మీద. ఇంటాయన పొద్దుగూకేదాంక పాలు పోసుకుంట తిరుగుతుండె.

నా సంగతి మీకెరుకే. ఏదైనా సరే, చెడ్డదే నాకు ముందుగాల కనపడ్తది. దగ్గితే కరోనా అనుకుంట, దగ్గకపోతే లోపల దాస్తున్నరు అనుకుంట. "మా అమ్మ ముందే ఏడ్చి పెట్టుకుంటది, తర్వాత టైం దొరకదని" అంటది స్రవ్య. వాసన తెల్వకపోతే కరోనా అని టీవీల చెప్పినప్పటి సంది, లేవంగనే ఇంగువ డబ్బ మూత తీసి మూసి చూసుకునుడు నాకు అలవాటయింది. బిడ్డ ముక్కు కింద గుడ పెడ్త. "చాల్లె అమ్మా, పప్పుల పోపు అయిపోయిన నేను" అని మొత్తుకుంటది.

ఆ దినం పొద్దున లొల్లిల ఇంగువ డబ్బ ముట్టలేదు.

లొల్లి ఏందంటే, మామ లేస్తలేడు.

అంతకు ముందటి సాయంత్రం వీడియోల సిస్టర్ మామను చూసింది. మామ నోట్ల తువ్వాల కొస ఉన్నది. "ఆ టవల్ ఎందుకు తాతగారూ?" అని అడిగితే మామ కండ్లు మూసుకున్నడు. సిస్టర్ ఆ దవడ దిక్కే జెరసేపు చూసి, "నొప్పి గోలి ఎప్పుడెప్పుడు ఇస్తున్నరు?" అన్నది. "మూలిగితే ఇద్దామని పెట్టినమమ్మా. ఆయన మూలుగుతనే లేడు. మంచిదే గద?" అన్నది అత్త. అత్త ఆ గోలీలను నెయ్యి దాసినట్టు దాస్తుండె. ముందుముందు ఇంకెంత నొప్పొస్తదో, అప్పటికి పనిజెయ్యకపోతే ఎట్ల అని.

సిస్టర్ కోపం చెయ్యలే. "మూలిగినా, మూలగకపోయినా నాలుగ్గంటలకోసారి ఇయ్యాలమ్మా. నొప్పి వచ్చినంక తరుముడు కష్టం. రాకముందే ఆపాలె. చానా దినాల నిద్ర బాకీ ఉన్నది గనక బాగ పండుకుంటరు, పరేషాన్ కావద్దు. పిలిస్తే పలకాలె, ఊపిరి నిమ్మలంగ ఆడాలె. పలకకపోతే, ఊపిరి మరీ మెల్లగైతే వెంటనే నాకు ఫోన్ చెయ్యండి" అన్నది.

గట్లనే ఇచ్చినం. స్రవ్య ఫోన్ల అలారం పెట్టుకోని ఇచ్చింది. మామ పండుకున్నడు. రాత్రంత పండుకున్నడు, తెల్లారినంక గుడ పండుకున్నడు. పగటాల్ల కూసుండబెట్టి గోలి ఇస్తే సగం కండ్లతోని మింగి మళ్ళ ఒరిగిండు. నేను పని చేసుకుంట పదిసార్లు పోయి ముక్కు కాడ ఏలు పెట్టి చూసిన. గప్పుడే పురానాపూల్ నుంచి మా బావ బాలరాజ్ ఫోన్ చేసిండు. అత్త ఎత్తింది. "మీ బాపు నిద్రల నుంచి లేస్తలేడు బిడ్డా" అన్నది. గంతే. ఇంకేం చెప్పలే.

అట్ల వచ్చింది అంబులెన్స్.

ముందల బావ. ఎనక మబ్బు తునకల లెక్క తెల్ల కిట్లు తొడుక్కున్న మనుషులిద్దరు, స్ట్రెచర్ పట్టుకోని. గల్లీల కిటికీలన్నీ దబదబ మూసుకున్నయి. మా పక్కింటి సత్తెమ్మ పెనిమిటి గిట్లనే ఒక దినం స్ట్రెచర్ మీద పోయిండు, మళ్ళ మొఖం చూడనియ్యలే. మాకందరికి అదే యాదికొచ్చింది.

"జరుగు గీతా" అన్నడు బావ.

నేను గడప మీద నిలబడి ఉన్న. ఎట్ల వచ్చి నిలబడ్డనో నాకే తెల్వది. లగ్గమైనప్పటి సంది బావతోని ఎదురుంగ మాట్లాడింది లేదు. అన్నం కావాల్నా అని గుడ పిల్లతోని అడిగిపిస్త.

"బావా, మామ నోటితోని ఒక్క మాట రావాలె. పోత అంటే బట్టలు నేనే సర్దిస్త."

"పోను అంటే?"

"పోను అంటే ముందుగాల నన్ను ఎయ్యుండ్రి ఆ స్ట్రెచర్ మీద."

బావ నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసిండు. నేను రెండు చేతులు గుమ్మానికి అడ్డం పెట్టిన.

"పలుకుతె గద చెప్పుడు!" అని బావ కిటికీల నుంచే లోపలికి చెయ్యి చూపెట్టిండు. "అగో, నోరు తెరిచి ఎట్ల పడున్నడో చూడు. మొన్న నేను వచ్చినప్పుడు కూసుండి మాట్లాడిండు. ఏం పెట్టిన్రు మా బాపుకు?"

"నొప్పి గోలి."

"నల్లమందు అను! నల్లమందు పెట్టి పండవెడ్తున్నరు. మా బాపు ఎన్నడన్న అబ్బా అన్నడా? మూలగని మనిషికి నొప్పి గోలి ఎందుకు? రేపు పురానాపూల్ల నన్నడుగరా, పెద్ద కొడుకువి ఉండి దవఖానకు గుడ తీస్కపోలేదారా అని?"

"పెద్దబాపూ," అన్నది స్రవ్య నా భుజం ఎనక నుంచి, "తాత ఎన్ని దినాల సంది కండ్లు మూయలేదో నీకు తెల్సా? ఇప్పుడు పండుకున్నడు. ఊపిరి చూస్తనే ఉన్న, మంచిగ ఆడుతున్నది."

"నువ్వు డాక్టర్వా?"

"కాదు. గని రాత్రంత కాడ కూసున్నది నేనే."

అత్త కొంగు నోట్ల కుక్కుకోని గోడకు ఒరిగింది. ఆమె ఎటూ చెప్పలేదు. కొడుకు చెప్తే కొడుకు నిజమే అనిపిస్తది, నేను చెప్తే నేను నిజమే అనిపిస్తది ఆమెకు. స్రవ్య సిస్టర్‌కు ఫోన్ చేసింది. కలవలే. మళ్ళ చేసింది. ఇంకెవలింట్ల ఏం మునిగిందో.

"పిలువు మరి," అన్నడు బావ. "పలకాలె అంటివి గద. పిలువు."

మంచం కాడికి పోయిన. మామ మొఖం చూస్తే నిమ్మలంగ ఉన్నది. నాకు గదే భయం. గంత నిమ్మలం ఎందుకున్నది?

"మామా!"

కదలలే.

"మామా, బావ వచ్చిండు!"

భుజం తట్టిన. కనురెప్ప గుడ కొట్టలే. బావ నా ఎనకనే నిలబడి ఉన్నడు. నా లోపల ఇగ షురూ అయింది: ఆ చివరి గోలి ఎక్కువయిందా? పిల్ల చేతుల మీదుగ పోయిండా? నా బిడ్డ నెత్తి మీద జీవితమంత ఈ మాట ఉంటదా? మొగులయ్యను మనుమరాలే... ఆ మాట నేను పూర్తిగ అనుకోలే.

గప్పుడు గోడ అవతల చుక్కి అరిచింది.

చుక్కి అంటే మా పెద్ద బర్రె. నొసట తెల్ల చుక్క ఉంటది. పొద్దు వాలంగనే, పిండే యాళ్ళకు, గొంతు సాగదీసి అరుస్తది. అరుస్తది గని, మామ మంచం పట్టినప్పటి సంది ఎవ్వరికీ చేపుతలేదు. చేపుడు అంటే పాలను పొదుగులకు ఇడుసుడు. అది మామ చేతికి తప్ప ఇడువది. అత్త కూసుంటే బకెట్ తన్నింది. మా ఇంటాయన కూసుంటే పాలను పైకి గుంజుకున్నది. తాగను దుడ్డెను ఇడిస్తే నాలుగు చుక్కలు. పొదుగు గట్టివడి రాయి లెక్క అయితుండె. అమ్మెయ్యుండ్రి అని బావ, వద్దని మామ, గా లొల్లి వేరే.

రెండోసారి అరిచింది.

మామ కాలి బొటనేలు కదిలింది. తర్వాత చెయ్యి. కండ్లు తెరిచి కప్పు దిక్కు చూసి, "యాళ్ళయింది" అన్నడు. "ఎవలు పిండుతున్నరే?"

నేను మంచం పట్టె పట్టుకోని కిందనే కూలవడ్డ. స్రవ్య నవ్వుకుంట ఏడ్చింది, ఏడ్సుకుంట గోలి తీసింది. గోలి యాళ్ళ గుడ అదేనాయె. మామ మింగిండు, నీళ్ళు తాగిండు, మూతి తుడుసుకున్నడు. గప్పుడు బావను చూసిండు.

"ఎప్పుడొచ్చినవ్‌రా? మాస్క్ తియ్యకు, పైలం." మళ్ళ వాకిలి దిక్కు చూసిండు. "గీ తెల్లోళ్ళెవలు?"

"బాపూ... దవఖానకు పోదాం."

"ఎందుకు?"

"నొప్పి గద బాపూ నీకు."

"లేదు."

"ఆఁ?"

"నొప్పి లేదురా." మామ గా మాటను నాలికె మీద పెట్టుకోని రుచి చూసినట్టు అన్నడు. "పురాగ లేదని కాదు. దూరంగ ఉన్నది. పక్క గల్లీల కుక్క మొరిగినట్టు. మొరిగితే మొరగనియ్, మన గల్లీ కాదు గద."

బావ మంచం మీద కూసున్నడు. గొంతు తగ్గింది. "మరి ఇన్ని దినాలు ఉండెనా? ఒక్కపారి గుడ మూలగకపోతివి. నొప్పే లేదనుకున్న నేను."

మెత్త కింద నుంచి నేనే తువ్వాల తీసి బావ చేతుల పెట్టిన. కొస మొత్తం పోగులు పోగులు. పండ్ల గుర్తులు. ఉతికినప్పుడు ఎలుక కొట్టింది అనుకున్న నేను.

"గోడ అవతల అది ఉన్నది గదరా," అన్నడు మామ, తప్పు చేసి దొరికిన పిల్లగాని లెక్క. "నేను మూలిగితే దాని చెవులు నిక్కుతయి. ఒకపారి చూసిన. దాణా ఇడిసిపెట్టి గోడ దిక్కే చూసుకుంట నిలబడ్డది. బెదిరిన బర్రె చేపుతదా? అందుకే పండ్ల కింద తువ్వాల పెట్టుకున్న."

గప్పుడు అత్త నోట్ల కొంగు తీసింది.

"నీ తల పండ! బర్రె కోసమా? బర్రె బెదురుతదని నువ్వు మూలగకపోతివి, నువ్వు మూలుగుతలేవని నేను గోలి దాచిపెడ్తి!"

"నువ్వు ఇస్తలేవంటే అయిపోయినయేమో అనుకుంటి. లాక్‌డౌన్ల మళ్ళ ఏడికెల్లి తెస్తరని అడగలే."

"అడుగుతే నోరు పడిపోతదా నీది?"

"నీ నోరు నడుస్తుంటే నా నోరెందుకే?"

ఎన్ని దినాలకో గీ ఇద్దరు కొట్లాడుతుంటే నా పానం లేసొచ్చింది. మామ బావ దిక్కు తిరిగిండు. "పాడి ఇంట్ల పుట్టినోనివి, నీకు చెప్పాల్నారా? పొదుగు రాయి అయ్యేదాంక చూసి పిండుతరా ఎవలన్న? యాళ్ళకు పిండాలె. నొప్పి గుడ గంతేనట. ఆ సిస్టరమ్మ నిన్న చెప్తుంటే నాకు సిగ్గయింది. తెలిసిన ముచ్చటనే గద, నా ఒంటికి నేను పెట్టుకోలే."

బావ తువ్వాల పోగులను ఏలికి చుట్టుకుంట కూసున్నడు. "అయినా బాపూ, నలుగురు ఏమంటరు..."

"ఆ తెల్లోళ్ళను పిలువు," అన్నడు మామ ఒక్కపారిగ. "తీస్కపొమ్మను నన్ను."

గింత చేసి, గడప మీద అంతంత మాటలని, ఇప్పుడు ఆయనే పోత అంటున్నడా? బావ గుడ పరేషాన్ అయిండు.

"ఎటు బాపూ?"

"కొట్టంలకు."

అంబులెన్స్ డ్రైవర్ మాస్క్ ఎనక నుంచి, "కిధర్ బోలే?" అన్నడు.

"కొట్టం, భాయ్. భైంస్ కే పాస్," అన్నది స్రవ్య.

"యా అల్లా! ఇత్తే సాల్ హువే గాడీ చలాతే, మరీజ్ కూ భైంస్ కే పాస్ ఛోడ్నా, యే పైలా కేస్ హై!" అని నవ్విండు, పేషెంటును బర్రె కాడ ఇడుసుడు ఇదే మొదటిసారట. రెండో ఆయన గుడ నవ్విండు. ఆ కిట్ల లోపల మనుషులున్నరని గప్పుడు తెలిసింది నాకు.

అత్త మామ మొఖం తడిబట్టతోని తుడిచి, మీసాలు దువ్వింది. గోలి పనిజేసేదాంక ఆగినం. దవఖానకు తీస్కపోను వచ్చిన స్ట్రెచర్ మీదనే, ఎముకలు కదలకుండ, పైలంగ, వాకిలి దాటించి కొట్టంలకు మోసిన్రు. "ఆహిస్తే... ఆహిస్తే... బాబా, ఠీక్?" అని అడుక్కుంట పోయిన్రు. కొట్టంల కాలు పెట్టంగనే డ్రైవర్ కంపుకు మాస్క్ మీద చెయ్యి పెట్టుకున్నడు. "క్యా బూ హై రే!" నాకేం తెల్వలే. అలవాటు లేనోళ్ళకు గట్లనే ఉంటది అనుకున్న.

చుక్కి స్ట్రెచర్‌ను చూసి బెదిరింది. తాడు గుంజింది. తెల్ల కిట్లను చూసి బుసకొట్టింది. ఇగ అయిపాయె, తన్నుతది, మామ మీద పడ్తది, అని నేను స్రవ్యను ఎనకకు గుంజిన.

"ఏందే, పిల్లా," అన్నడు మామ.

గంత చిన్న గొంతు. చుక్కి చెవులు రెండు ముందలికొచ్చినయి. మూతి తెచ్చి స్ట్రెచర్ మీద పెట్టింది. మామ చేతిని నాకింది, మోచెయ్యిదాంక నాకింది, మీసాలు గుడ నాకింది. అత్త దువ్విందంత పాయె.

స్ట్రెచర్‌ను పొదుగు పక్కకు దించిన్రు. మామ చెయ్యి చాపిండు. బొక్కలు, తోలు తప్ప ఆ చేతుల ఏమున్నది? పొదుగు మీద పెట్టిండు. పెట్టి ఊకున్నడు. పిండలే, గుంజలే. చుక్కి నెమరు వెయ్యవట్టింది. మెల్లగ, మెల్లగ, రాయి లెక్క ఉన్న పొదుగు మెత్తవడ్డది. సన్లు నిండినయి. ఒక సన్ను కొసకు తెల్లగ చుక్క వచ్చి నిలబడ్డది.

"చేపింది," అన్నది అత్త.

"చేపింది!" అని స్రవ్య కేక పెట్టింది.

ఖాళీ స్టీలు బకెట్ల మొదటి ధార పడ్డ చప్పుడు నాకు ఇప్పటికీ వినపడ్తది. చుర్ర్... చుర్ర్... మామ పిండింది నాలుగైదు ధారలే. చెయ్యి అలిసింది. గని చెయ్యి తియ్యలే.

"బాలరాజ్, కూసో."

"నేనా? ఎన్నేండ్లాయె బాపూ..."

"పాల పాకెట్లు కత్తిరించుడే యాదికున్నదా? కూసో. నా చెయ్యి దాని మీదనే ఉంటది. అది నిన్నేమనది."

బావ మంచి ప్యాంటు తోనే కుక్కురు కూసున్నడు. సబ్బుతోని చేతులు కడిగించిన. మొదటి ధార బూటు మీద పడ్డది. "బొటనేలు మడవకురా. మీ అమ్మకు చెప్పి చెప్పి అలిసిన, ఇప్పుడు నీకు" అన్నడు మామ. మూడోసారి సక్కగ పడ్డది. ఇగ ఆగలే. బకెట్ల నురుగు లేసింది. బావ నెత్తి చుక్కి డొక్కకు ఆనింది. ఆయన భుజాలు కదులుతున్నయి. పాలు పిండుతున్నందుకా, ఇంకెందుకా అని ఎవలం అడగలే.

పక్క మేడ మీదికెల్లి సత్తెమ్మ వంగి చూసింది. "గీతా! ఏమైందే? తీస్కపోయిన్రా మీ మామను?"

"లేదక్కా!" అని నేను అరిచిన. నా గొంతు గంత పెద్దగ ఉన్నదని నాకే తెల్వదు. "తీస్కపోలే! మా మామ పాలు పిండుతున్నడు!"

సత్తెమ్మ చప్పట్లు కొట్టింది. ఇంకో మేడ మీద ఇంకెవరో కొట్టిన్రు. మూసుకున్న కిటికీలు ఒక్కొక్కటి తెరుసుకున్నయి. బావ లేసి నిలబడి, చేతులు తుడుసుకోని, డ్రైవర్ తోని అన్నడు: "భాయ్, గాడీ తీస్కపో. మా బాపు ఎటూ రాడు. ఈడనే ఉంటడు."

"హౌ సాబ్. దేఖ్ లియే హమ్ భీ," మేం గుడ చూసినం అన్నడు డ్రైవర్. సైరన్ లేకుండ పోయింది అంబులెన్స్.

మామ మంచం మీదికొచ్చినంక ఒకటే కోరిక చెప్పిండు. "గా పాలతోని చాయ్ పెట్టు బిడ్డా. పాకెట్ పాలు కాదు, మా చుక్కివి."

పొయ్యి మీద గిన్నె పెట్టిన. నా జిందగీల గంత సంబురంగ పాలు కాగబెట్టింది లేదు. లోపల బావ, మామ, అత్త ఒకటే ముచ్చట. ఫోన్ మోగింది, సిస్టర్ అనుకుంట. స్రవ్య కొట్టం ముచ్చట చెప్పుడు, అటు నుంచి నవ్వుడు వినపడ్డది. నేను పొయ్యి పక్కనే నిలబడి, మాస్క్ తీసి గోడకు తగిలేసి, కండ్లు మూసుకోని అన్నీ విన్న. ఏం భయం లేకుండ నిలబడుడు ఎట్ల ఉంటదో ఆ జెరసేపు తెలిసింది.

"అమ్మా!" స్రవ్య ఉరుక్కుంట వచ్చి పొయ్యి బంద్ చేసింది. "పాలు మాడిపోయినయి! ఇల్లంత మాడు వాసన, వాకిట్ల దాంక వస్తున్నది! పక్కనే నిలబడి ఏం చేస్తున్నవ్?"

గిన్నె అడుగు నల్లగయింది. పొగ నా మొఖానికే కొడుతున్నది. కండ్లు మండుతున్నయి.

"మాడు వాసనా?" అన్న.

స్రవ్య నా దిక్కు చూసింది. ఆమె మొఖంల నవ్వు మెల్లగ పోయింది.

"జరుగు," అన్న. "నా పక్కకు రాకు. దూరం జరుగు బిడ్డా."

చెయ్యి అలమర మీదికి పోయింది. ఇంగువ డబ్బ మూత తీసి ముక్కుకు ఆనించిన. గట్టిగ పీల్చిన. ఇంకోసారి పీల్చిన.

"గీతా," మామ గొంతు వచ్చింది లోపలికెల్లి, మస్తు ఖుషీగ. "చాయ్ అయిందా బిడ్డా? నువ్వే తేవాలె, నీ చేతితోనే తాగుత."

మామ అర్ర గడప ఎదురుంగనే ఉన్నది. లేపిన కాలును మళ్ళ ఎనకకే పెట్టిన.